పేజ్‌మేకర్ 6.5 నాటి పత్రిక ఫైళ్లు యూనికోడ్‌లోకి: ఏ దారి మేలు?

బందరు_బైండింగ్

ఒక జిల్లా పక్షపత్రిక పాత సంచికలు, 1999 నుంచి 2007 దాకా, సీడీల్లో ఉన్నాయి. ఎక్కువ ఫైళ్లు పీ65 (పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 6.5వి), చివరి మూడేళ్లవి పీఎండీ (పేజ్‌మేకర్ 7వి). అక్షరాలన్నీ అప్పటి 8 బిట్ల తెలుగు ఫాంట్లలో కూర్చినవి. ఆ ఫాంట్ల టీటీఎఫ్ ఫైళ్లు ఒక సీడీలో దొరికాయి కానీ టైపింగ్ ప్యాకేజీకి ఉండే హార్డ్‌వేర్ లాకు (కంప్యూటరుకి తగిలిస్తేనే ప్రోగ్రాము నడిచే చిన్న పరికరం) లేదు. పేజీ అందం అక్కర్లేదు. వార్తల పాఠం యూనికోడ్‌లో (ఇప్పటి కంప్యూటర్లు వాడే ఉమ్మడి అక్షర కోడ్లలో), వెతికితే దొరికేలా ఉంటే చాలు.

రెండు ప్రశ్నలు. లాకు లేకుండా పనవుతుందా? ఆన్‌లైన్ కన్వర్టర్లో వేస్తే సగం మాటలు శుభ్రంగా, సగం చెత్తగా ఎందుకు వస్తున్నాయి?

రెండోప్రూఫ్

లాకు గురించి దిగులు పడకండి. లాకు కాపలా కాసేది కీబోర్డు ఇంజనుకి. ఫైలు తెరిచి చదవడానికి టీటీఎఫ్ ఉంటే చాలు. మీరు కొత్తగా టైపు చెయ్యడం లేదు కదా.

ముందు సీడీలు. ఇరవై ఏళ్ల నాటి రాసుకునే సీడీ నుంచి ఫైళ్లు నేరుగా కాపీ కొట్టొద్దు. ఒక్క చెడ్డ సెక్టారు దగ్గర విండోస్ ఆగిపోతుంది, డ్రైవు దాన్నే గీకుతూ కూర్చుంటుంది. లినక్స్‌లో, పాడైన డిస్కులు చదివే డీడీరెస్క్యూతో డిస్కు మొత్తాన్ని ఇమేజిగా, అంటే ఒకే నకలు ఫైలుగా, తీయండి. బ్లాకు సైజు 2048 పెట్టి, మొదటి విడత తేలిగ్గా చదవగలిగినవి మాత్రమే చదివించండి. ఏ చోట్లు చదివిందో రాసుకునే మ్యాప్ ఫైలు తప్పనిసరిగా ఇవ్వండి. మిగిలిపోయిన చోట్లకే రెండో విడత, మూడు ప్రయత్నాలతో. అదే మ్యాప్ ఫైలుతో డిస్కును వేరే డ్రైవులో పెట్టి కొనసాగిస్తే, మొదటి డ్రైవు చదవలేనివి కొన్ని రెండోది చదువుతుంది.

తర్వాత వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటరు లోపల ఇంకో కంప్యూటరును నడిపే ప్రోగ్రాము) 32 బిట్ల విండోస్ ఎక్స్‌పీ, 512 ఎంబీ మెమరీ, నెట్‌వర్కు పూర్తిగా ఆపేసి. అందులో పేజ్‌మేకర్ 7. 6.5 ఫైలు 7లో తెరిస్తే పేరులేని కాపీగా తెరుచుకుంటుంది, అసలు ఫైలు చెక్కుచెదరదు.

ఇక్కడే అందరూ పడే గొయ్యి ఒకటి ఉంది. ఫాంట్లు ఎక్కించకుండా ఫైలు తెరిస్తే పానోజ్ ఫాంట్ మ్యాచింగ్ పెట్టె వస్తుంది. లేని ఫాంటుకి బదులు ఏది వాడాలో అడుగుతుంది. అక్కడ ‘పర్మనెంట్’ ఎంచుకుని తర్వాత సేవ్ కొట్టారంటే ఫైల్లో అసలు ఫాంటు పేరే పోతుంది. పేరు పోయాక ఆ 8 బిట్ల కోడ్లు ఏ అక్షరాలో చెప్పే దిక్కు ఉండదు. ఫాంట్లు ముందే ఎక్కించండి. అప్పటికీ ఆ పెట్టె వస్తే ‘టెంపరరీ’ మాత్రమే.

ఫైలు తెరిచాక ఎక్కడో ఒక పేజీ దగ్గర కూలిపోతుంటే: పాయింటర్ సాధనం తీసుకుని, ఏదీ ఎంచుకోకుండా, కంట్రోల్, షిఫ్ట్ రెండూ నొక్కి పట్టి టైప్ మెనూలో హైఫనేషన్ మీద నొక్కండి. ఫైలు మొత్తాన్ని తడిమి చూసుకుంటుంది. ఒక బీప్ వస్తే అంతా బాగున్నట్టు. రెండు వస్తే తప్పులు దొరికాయి, సరిచేసింది. మూడు వస్తే దొరికాయి, తన వల్ల కాలేదు. ఆ వెంటనే సేవ్ కాదు, సేవ్ యాజ్.

ప్లేటు_సెక్షన్

పేజ్‌మేకర్ తర్వాత వచ్చిన పేజీ కూర్పు ప్రోగ్రాము ఇన్‌డిజైన్ సంగతి. పేజ్‌మేకర్ 6.0 నుంచి 7 దాకా ఫైళ్లను తెరిచే శక్తి సీఎస్6తోనే ఆగింది. సీసీ వెర్షన్లలో తీసేశారు, అందుకే కొత్త ఇన్‌డిజైన్ వాటిని తెరవదు. సీఎస్6 లైసెన్సు ఉన్న మిషను ఎక్కడైనా దొరికితే అందులో తెరిచి ఐడీఎంఎల్‌గా ఎక్స్‌పోర్ట్ చేయించుకోండి. ఐడీఎంఎల్ అంటే జిప్పు చేసిన ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లే. విప్పితే స్టోరీస్ అనే ఫోల్డరులో ఒక్కో వార్త ఒక్కో ఫైలుగా కనిపిస్తుంది.

ఖర్చు లేని దారి కూడా ఉంది. లిబ్రెఆఫీస్ డ్రా 4.4 నుంచి పేజ్‌మేకర్ ఫైళ్లు తెరుస్తుంది. లేఅవుటు చెదురుతుంది, అది మీకు అక్కర్లేదన్నారు. ఫాంటు పేర్లు సరిగ్గా వచ్చాయో లేదో ఒక పేజీ మీద చూసుకుని ముందుకెళ్లండి.

ఏ దారిలో వెళ్లినా ప్రతి సంచికకీ ఒక పీడీఎఫ్ తీసి పెట్టుకోండి, రేపు సరిచూసుకోవడానికి అదే ఆధారం. పేజ్‌మేకర్‌లోని పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్ డిస్టిలర్ (పీడీఎఫ్ తయారుచేసే విడి ప్రోగ్రాము) లేనిదే కదలదు. ఎక్స్‌పీలో ఏదైనా పోస్ట్‌స్క్రిప్ట్ లేజర్ ప్రింటరు డ్రైవరు ఎక్కించి, పోర్టు దగ్గర ‘ఫైల్’ ఎంచుకుంటే పీఎస్ ఫైలు వస్తుంది. దాన్ని బయటికి తెచ్చి, పీఎస్‌ను పీడీఎఫ్‌గా మార్చే ఘోస్ట్‌స్క్రిప్ట్‌కి ఇవ్వండి. ప్రింటరు మారిందని పేజ్‌మేకర్ అడుగుతుంది. పేజ్‌మేకర్ లైన్లు విరిచేది ఎంచుకున్న ప్రింటరును బట్టి కాబట్టి, అన్ని సంచికలకీ ఒకటే డ్రైవరు వాడండి.

కొల్లేటి_కొంగ

ఇంత తతంగం దేనికండీ. ఆ పీడీఎఫ్‌లోంచి పాఠం కాపీ కొట్టి కన్వర్టర్లో వేస్తే పోలా? లేదంటే పేజ్‌మేకర్‌లోంచే ‘టెక్స్ట్ ఓన్లీ’ ఎక్స్‌పోర్ట్.

జర_ఆగన్న

జర ఆగన్నా. టెక్స్ట్ ఓన్లీతోనే కొంప మునుగుతది. ఆయన రెండో ప్రశ్నకి జవాబు కూడా అక్కడే ఉన్నది.

8 బిట్ల తెలుగు ఫాంటు అంటే ఏంది? కంప్యూటరుకి అది తెలుగని తెల్వదు. 65 అనే కోడు పెట్టినం, ఫాంటు ఆ చోట తెలుగు ముక్క గీసింది, అంతే. అదే 65 ఇంగ్లిష్ ఫాంటులో పెద్ద ‘ఏ’. పత్రికల తెలుగు వాక్యం నడుమ ఇంగ్లిష్ మాటలు, ఫోన్ నంబర్లు, పార్టీల పొట్టి పేర్లు ఇంగ్లిష్ ఫాంటుల ఉంటయ్. హెడ్డింగు ఒక ఫాంటు, బాడీ ఇంకోటి. వేరే కంపెనీ ఫాంటు అయితే కోడ్ల వరసే వేరు. టెక్స్ట్ ఓన్లీ చేసినవంటే ఈ ఫాంటు మార్పులన్నీ ఎగిరిపోతయ్. ఏ కోడు ఏ అక్షరమో చెప్పే పట్టిక కన్వర్టరు అన్నిటికీ ఒకటే వేస్తది. సగం బాగ, సగం చెత్త అంటే ఇదే.

అందుకని ఆర్‌టీఎఫ్‌గా (ఫాంటు పేర్లు పోకుండ దాచే ఫైలు రకం) తీయాలె, లేదా పేజ్‌మేకర్ ట్యాగులతోని. ఫాంటు పేరు అక్షరం పక్కన ఉండాలె, మార్పిడి అయ్యేదాకా దాన్ని ఇడువద్దు. ఎక్స్‌పోర్ట్ ఒక్కసారికి ఒక్క స్టోరీకే పని చేస్తదని యాదుంచుకోండ్రి: టెక్స్ట్ సాధనంతో కర్సరు ఆ వార్తల పెట్టినంకనే.

పీడీఎఫ్ సంగతంటవా, పాప్లర్ అనే పీడీఎఫ్ పనిముట్లల్ల పీడీఎఫ్‌ఫాంట్స్ అని చిన్న కమాండు ఉన్నది, నడిపి చూడు. ‘టైప్’ కాలమ్‌ల టైప్ 3 అని, ‘యూనీ’ కాలమ్‌ల నో అని వచ్చిందంటే ఆ పీడీఎఫ్‌కెంచి పాఠం ఆశ పెట్టుకోకు, అవి ఉత్త బొమ్మలు.

ఇంకో మాట, ఐడీఎంఎల్ దారిల పోయేటోళ్లకి. ఫాంటు పేరు ప్రతి ముక్కకీ ‘అప్లైడ్ ఫాంట్’ అని రాసి ఉంటది. కానీ పేరా స్టైలు వాడిన చోట ఆ ముక్కల ఉండదు, రిసోర్సెస్ ఫోల్డరుల స్టైల్స్ ఫైలు తెరిచి చూడాలె. లేదని ఇంగ్లిష్ అనుకుంటే బాడీ మొత్తం మార్చకుండా ఇడిచిపెడతవ్.

బందరు_బైండింగ్

ఆర్‌టీఎఫ్‌తో మొదటి సంచిక తీశాను. బాడీ అంతా వచ్చింది. కానీ మొదటి పేజీ బ్యానరు, లోపలి పెద్ద హెడ్డింగులు ఎక్కడా లేవు. ‘మిగతా 6వ పేజీలో’ అన్న వార్తలు రెండు ముక్కలుగా వచ్చాయి.

రెండోప్రూఫ్

పెద్ద హెడ్డింగులు బొమ్మలు గీసే కోరల్‌డ్రాలో సాగదీసి, కర్వులు చేసి, ఈపీఎస్ బొమ్మగా పేజీలో పెట్టి ఉంటారు. అప్పట్లో నీడ హెడ్డింగు కావాలంటే అదే పద్ధతి. కర్వు అయ్యాక అది అక్షరం కాదు, గీత. లింక్స్ మేనేజర్ తెరిస్తే, అంటే కంట్రోల్, షిఫ్ట్, డీ నొక్కితే, జాబితా కనిపిస్తుంది. సీడీలో కోరల్‌డ్రా వాళ్ల సీడీఆర్ ఫైళ్లు ఉంటే ఒకసారి చూడండి, కర్వులు చెయ్యక ముందు దాచుకున్న కాపీ ఉండవచ్చు. లేకపోతే చేత్తో కొట్టుకోవడమే. సంచికకి ఇరవై ముప్పై హెడ్డింగులు, దానికోసం ప్రోగ్రాము రాయడం దండగ.

మిగతా పేజీ ముక్కలు ఒకదానికొకటి దారం కట్టి ఉండవు, వేర్వేరు స్టోరీలు. వాటిని కలపడం మనిషి పనే.

వత్తులూ_పొల్లులూ

పట్టిక సొంతంగా కట్టుకోవాల్సిందే. ఒకటే ఫాంటు పేరుతో రెండు విడుదలల్లో కోడ్లు జరిగిన సందర్భాలున్నాయి. దొరికిన టీటీఎఫ్‌నే నమ్మండి, ఇంకెవరో చేసిన పట్టికను కాదు.

ఫాంటుకొక తాళపత్రం, అంటే ఏ కోడుకి ఏ ముక్కో చూపే కాగితం, చెయ్యండి. కోడ్లు 32 నుంచి 255 దాకా, మొత్తం 224. లిబ్రెఆఫీస్‌లో 14 వరసలు, 16 నిలువు గళ్ల టేబులు వేసి, ప్రతి గడిలో పైన కోడు అంకె ఇంగ్లిష్ ఫాంటులో, కింద అదే కోడు తెలుగు ఫాంటులో. ఏ4 మీద ప్రింటు తీసి పక్కన పెన్నుతో పేర్లు రాసుకోండి. ఫాంట్లు విప్పి చూపే ఫాంట్‌ఫోర్జ్‌లో కూడా చూడొచ్చు. కాగితం మీదైతే తప్పులు త్వరగా కంటపడతాయి.

ఆ కాగితం చూస్తే తెలుస్తుంది, అక్కడ ఉన్నవి అక్షరాలు కావు, ముక్కలు. తలకట్టు లేని క ఒకటి, తలకట్టు ఒకటి. కొమ్ము మూడు నాలుగు సైజుల్లో. ఒకే వత్తు రెండు మూడు ఎత్తుల్లో, ఏ అక్షరం కింద ఎక్కడ కూర్చోవాలో దాన్నిబట్టి. ఇవన్నీ యూనికోడ్‌లో ఒకే గుర్తుకి పోతాయి, ఇబ్బంది లేదు. ఇబ్బంది పెట్టేది రెండోరకం: ఒకే ముక్క రెండు అక్షరాల్లో పాలుపంచుకునేది. చాలా ఫాంట్లలో మ అనేది వ రూపానికి కొమ్ములాంటి తోక తగిలించినది. పొట్ట కింద గీత ఒకటే ఉంటుంది, ద కింద పడితే ధ, డ కింద పడితే ఢ, ప కింద పడితే ఫ. అందుకని పట్టికలో పొడవైన వరసలు ముందు, పొట్టివి వెనక. ‘వ రూపం, తోక’ కలిసి మ అని ముందు పట్టుకోకపోతే మమత కాస్తా వువుత అవుతుంది.

ఇక వరస మార్పు. ఫాంటు కంటికి కనిపించే వరసలో పెడుతుంది, యూనికోడ్ పలికే వరసలో. ‘స్త్రీ’ తీసుకోండి. ఫైల్లో ముక్కలు ఇలా ఉంటాయి: సీ, త వత్తు, ర వత్తు. యూనికోడ్‌కి కావాల్సింది స, పొల్లు, త, పొల్లు, ర, చివర గుడిదీర్ఘం. యూనికోడ్ అంకెల్లో 3128, 3149, 3108, 3149, 3120, 3136. అంటే గుణింతాన్ని పట్టుకుని, దాని వెనకున్న వత్తులన్నీ అయిపోయేదాకా జరపాలి. ర వత్తు ఇంకో పేచీ. ఎడమ వైపు నుంచి అక్షరాన్ని చుట్టే పాతరకం ర వత్తు అయితే హల్లు కన్నా ముందే ఉంటుంది. దాన్ని దాటించి వెనక్కి తేవాలి. ఒకే ఫాంటులో రెండు రకాలూ ఉండొచ్చు, రెండు నియమాలూ రాయండి.

ఐత్వం రెండు ముక్కలు, పైన ఎత్వం, కింద తోక. ‘కై’లో అవి పక్కపక్కనే పడతాయి, 3142, 3158 కలిసి 3144 కావడం ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషనే (విడి ముక్కల్ని ఒకే కోడుగా కలిపే యూనికోడ్ పద్ధతి) చూసుకుంటుంది. ‘స్థైర్యం’లో మాత్రం మధ్యలో థ వత్తు దూరుతుంది. అక్కడ నార్మలైజేషన్ చేతులెత్తేస్తుంది, మీరే కలపాలి.

పొల్లు చివరిది, అందరూ మరిచేది. పత్రిక తెలుగులో ‘స్టేషన్‌లో’, ‘కాలేజ్‌కు’ లాంటివి పేజీకి పాతిక. ఫాంటులో న్ ఒక ముక్క, ఆ తర్వాత లో. నేరుగా మారిస్తే న కింద ల వత్తు పడి ‘స్టేషన్లో’ అవుతుంది. పొల్లు ముక్క వెనక హల్లు వస్తే మధ్యలో 8204, అంటే అక్షరాలు కలవకుండా ఆపే కనిపించని గుర్తు జడ్‌డబ్ల్యూఎన్‌జే, పెట్టాలి. వత్తు ముక్కలు వేరే కోడ్లలో ఉంటాయి కాబట్టి ఈ నియమం వాటిని పాడుచెయ్యదు.

కొల్లేటి_కొంగ

ఇదంతా చేసే బదులు ఓసీఆర్, అంటే బొమ్మలోంచి అక్షరాలు చదివించడం, మేలు కదండీ? ఆ పని చేసే టెసరాక్ట్‌లో తెలుగు ఉంది. ఆ పీడీఎఫ్‌ను 400 డీపీఐ బొమ్మలుగా మార్చి చదివిస్తే సరి. స్కాను కాదు కాబట్టి మరకలుండవు, వంకర ఉండదు.

జర_ఆగన్న

ఈసారి నువ్వు సగం కరెక్టన్నా. కర్వులు చేసిన హెడ్డింగులకి, పక్కాగా వాడొచ్చు. బాడీకి మాత్రం వద్దు. ఓసీఆర్ తప్పు చేస్తే మంచి మాటలెక్క కనిపించే తప్పు చేస్తది, ఊరి పేరు మారిపోతది, ఎవరికీ తెల్వదు. పట్టిక తప్పు చేస్తే ప్రతిసారీ ఒకటే తప్పు, ఒకసారి దిద్దితే అన్ని సంచికలూ దిద్దినట్టే. ఎనిమిది కాలమ్‌ల పేజీ అయితే కాలమ్ కాలమ్ కోసి ఇయ్యాలె, లేకుంటే లైన్లు అడ్డంగ అతుకుతయ్.

రెండూ చేసి పోల్చి చూడు, తేడా వచ్చిన మాటలే మనిషి చదవాలె.

వత్తులూ_పొల్లులూ

పోల్చడానికి ముందు చవకగా అయ్యే తనిఖీ: గుణింతం వెనక గుణింతం, ఖాళీ వెనక గుణింతం, గుణింతం వెనక పొల్లు. తెలుగులో ఈ మూడూ రావు. వచ్చాయంటే పట్టికలో లోపం. తెర మీద చుక్కల వృత్తం ◌ కనిపించేది ఈ చోట్లలోనే. తర్వాత అన్ని సంచికల మాటలకీ లెక్క తీసి, ఒక్కసారే వచ్చిన మాటలు మాత్రం చదవండి.

ప్లేటు_సెక్షన్

1999 కన్నా పాత ఫ్లాపీలు ఏమైనా ఉంటే చెప్పండి. డాస్ మీద జిస్ట్ కార్డుతో (భారతీయ లిపుల కోసం కంప్యూటర్లో పెట్టే కార్డు) కొట్టినవైతే అవి ఫాంటు కోడ్లు కావు, ఇస్కీ, అంటే భారతీయ లిపుల ప్రామాణిక కోడు ఐఎస్ 13194. హెక్స్ ఎడిటర్లో తెరిస్తే 160 పైన కోడ్లే ఎక్కువ, మధ్యమధ్య 232 కనిపిస్తుంటుంది, అది పొల్లు. పలికే వరసలోనే ఉంటాయి కాబట్టి పైన చెప్పిన జరపడాలు ఏవీ అక్కర్లేదు. ఐసీయూ తాలూకు, కోడ్లు మార్చే కమాండు యూకన్వ్‌లో ఎక్స్-ఇస్కీ-టీఈ అని ఇస్తే ఒక్క దెబ్బకి యూటీఎఫ్-8. 232 రెండుసార్లు వరసగా వస్తే పొల్లును విడిగా చూపమని అర్థం, దానికి 8204 అదే పెట్టుకుంటుంది.

ఫాంటు కోడ్ల కన్నా ముందు వచ్చిన ఇస్కీ ఫైళ్లు ఇంత సులువుగా మారడం విడ్డూరమే.  

బందరు_బైండింగ్

ఫ్లాపీలు లేవండి. పట్టిక కట్టాను, వరస మార్పులు పెట్టాను, తొంభై పాళ్లు బాగుంది. రెండు చిక్కులు మిగిలాయి. ఒకటి, కొన్ని అక్షరాలు ఎక్కడా కనిపించకుండా మాయమవుతున్నాయి, తప్పు గుర్తు కూడా రావడం లేదు. రెండు, కొన్ని వాక్యాలు మాట మధ్యలో విరిగి కొత్త లైనులో పడుతున్నాయి. పీడీఎఫ్‌లో చూస్తే అక్కడ లైను విరగలేదు. ఆర్‌టీఎఫ్‌లో కోడ్లను బైట్లుగా తీసి పైథాన్‌లో సీపీ1252గా (విండోస్ ఇంగ్లిష్ కోడు పట్టిక) చదువుతున్నాను. మొదట ఎర్రర్ వచ్చి ఆగిపోతుంటే ‘ఇగ్నోర్’ పెట్టాను. కొన్ని ఫైళ్లు అలాంటిదే ఇంకో పట్టిక, లాటిన్-1గా చదివాను.

వత్తులూ_పొల్లులూ

మాయమయ్యేవి ఆ ‘ఇగ్నోర్’ వల్లే. సీపీ1252లో 129, 141, 143, 144, 157 ఖాళీ గళ్లు. ఫాంటు చేసినవాళ్లు వాటిలో కూడా ముక్కలు పెడతారు, చోటు చాలదు మరి. పైథాన్ వాటిని ఎరగనంటుంది, మీరు పారెయ్యమన్నారు, పారేసింది. మీ తాళపత్రంలో ఆ ఐదు గళ్లలో ఏముందో చూడండి, మాయమైనవి సరిగ్గా అవే అయ్యుంటాయి.

విరిగేవి లాటిన్-1 ఫైళ్లు. లాటిన్-1లో 256 కోడ్లూ ఉంటాయి కాబట్టి ఏదీ పోదు, వాడాల్సింది అదే. కానీ స్ప్లిట్‌లైన్స్ అనే ఫంక్షను 133ను కూడా లైను ముగింపుగా లెక్కేస్తుంది. అదే సీపీ1252లో మూడు చుక్కలు. మీ ఫాంటులో 133 ఏదో వత్తు అయ్యుంటుంది. అలాగే స్ట్రిప్, ఊరికే స్ప్లిట్ వాడితే 160ని ఖాళీ అనుకుని మింగేస్తాయి. లైన్లు 13, 10 దగ్గర మాత్రమే విరవండి, స్ట్రిప్ తీసేయండి, మాటలు 32 దగ్గర మాత్రమే విడగొట్టండి.

వర్డ్‌లోంచి కాపీ చేసిన ముక్కలుంటే మరొకటి. సింబల్ రకం ఫాంటు అయితే కోడ్లు 61440 పైన వస్తాయి. దాన్ని తీసివేస్తే అసలు కోడు.

బందరు_బైండింగ్

133లో ఉన్నది య వత్తు. ‘రాజ్యం’, ‘విద్య’, ‘ముఖ్యమంత్రి’, విరిగినవన్నీ ఇలాంటివే. 144లో ఠ, అందుకే ఊళ్ల పేర్లలో ‘పేట’లు ఉండి ‘పీఠం’లు లేవు. లాటిన్-1తో మళ్లీ మొదటి సీడీ నుంచి నడిపిస్తున్నా.

రెండోప్రూఫ్

నడిచేలోపు ఒకటి చూడండి. 1998కి ముందు నాటి ఫాంటు ఫైళ్లయితే 128, 142, 158 గళ్లు కొత్త విండోస్‌లో డబ్బాలుగా కనిపించొచ్చు. యూరో గుర్తు, టోపీ పెట్టిన జడ్‌లు విండోస్ 98తో ఆ చోట్లలోకి వచ్చాయి. అంతకు ముందు చేసిన ఫాంట్లలో వాటి యూనికోడ్ అంకెలైన 8364, 381, 382 అనే చిరునామాలు ఉండవు. తాళపత్రంలో డబ్బా ఉందని ఆ గడి ఖాళీ అనుకుని వదిలేశారేమో, ఫాంట్‌ఫోర్జ్‌లో తెరిచి మళ్లీ చూడండి.

బందరు_బైండింగ్

వదిలేశాను. 142లో ళ వత్తు ఉంది.